ఓబులేసు తాంబూలం

“ఓబులేసూ!”

మేడికొండ అనే ఒకానొక చిన్న రాజ్యంలో, రాజుగారు ఇలా పిలవగానే, పొద్దుటి నుంచీ డాలు నెత్తిన పెట్టుకుని నిలబడ్డ బంటు ముందుకొచ్చాడు. ఆయుధపూజనాడు, సేనను నడిపే దళవాయి పదవి కోరేవాళ్ళు అలా నిలబడాలి. సాయంత్రం రాజు ఎవరికి తాంబూలం ఇస్తే వాడే దళవాయి.

రాజు తాంబూలం ఉన్న చెయ్యి చాచాడు. ఓబులేసు దోసిలి పట్టాడు. రాజు నవ్వి దాన్ని తన నోట్లోనే వేసుకున్నాడు.

“పై ఏడు చూద్దాంలే.”

ఇలా పదకొండేళ్ళు. డాలు ఆనిన చోట ఓబులేసుకి వెంట్రుకలే మొలవడం మానేశాయి.

“చూశావటయ్యా సూరపరాజూ, నా మీద వాడి భక్తి!” అన్నాడు రాజు తన విదూషకుడితో.

“భక్తి కాదు ప్రభూ. అదేమిటో తమ నోటనే చెప్పిస్తాను. చెప్పించలేకపోతే నా తల తమది. చెప్పిస్తే తాంబూలం ఓబులేసుది.”

“సరే!”

నెల తిరిగింది. చక్రవర్తిగారి దూత బిరుదు తెస్తున్నాడనీ, కోటగుమ్మంలో చెప్పులు లేకుండా నిలబడి అందుకోవాలనీ సూరపరాజు కబురు తెచ్చాడు. రాజు జరీ అంగీ తొడుక్కుని, కిరీటం పెట్టుకుని నిలబడ్డాడు.

“ఏరు దాటాడట ప్రభూ!”

ఎండ ఎక్కింది.

“మామిడితోపులో గుర్రానికి నీళ్ళు పెడుతున్నాడట. ఇంకెంత, ఇదిగో!”

అరికాళ్ళు బొబ్బలెక్కాయి. కొండల మీద ఎవరో కుంకుమభరిణ ఒలకబోసినట్టు పొద్దు వాలింది. సూరపరాజు ఒక్కడే వచ్చాడు.

“దూతా లేడు, బిరుదూ లేదు ప్రభూ.”

“ఓరి ద్రోహీ! దినమంతా నిలబెట్టావా నన్ను?”

“ఆసనం తమ వెనకే ఉంది గదా. కూర్చోలేదేం?”

“ఎలా కూర్చోనయ్యా? ఇంతసేపు నిలబడి ఇప్పుడు కూర్చుంటే, ఆ నిలబడ్డదంతా వట్టిదైపోదూ? పైగా ఊరంతా చూస్తుంటే...”

రాజు ఆగిపోయాడు. గుమ్మం పక్కన కావలి కాస్తున్న ఓబులేసు వైపు చూశాడు. మరుక్షణం పకపకా నవ్వాడు. మెడలో హారం తీసి సూరపరాజు మీదికి విసిరాడు. తాంబూలం తెప్పించాడు.

“రారా దళవాయీ!”

ఓబులేసు దోసిలి పట్టలేదు.

“ఏమిరా, పుచ్చుకోవేం?”

“మొదటేడే దళవాయినయ్యానని మా ఇంటిదానికి కబురంపాను దొరా. ఆ మాట నిజం చేసుకునేదాకా ఇంటి గడప తొక్కకూడదనుకున్నాను. మా ఊళ్ళో దాన్ని దళవాయమ్మా అని పిలిచేవారట. అది పోయి మూడేళ్ళయింది. అయినా నిలబడ్డాను. మానేస్తే, దానితో నేనాడింది అబద్ధమని ఒప్పుకున్నట్టే గదా. ఇప్పుడిది పుచ్చుకుని ఎవరి గడప తొక్కను దొరా?”