ఉయ్యాలలో గంట

ఒకానొక రాజ్యంలో కోడి కంటే ముందే రాజుగారి గంట మోగేది. ఆ రాజ్యం మొగలిపురం, ఆ రాజు ఉద్దండవర్మ. లేవడానికో గంట, స్నానానికో గంట, భోజనానికో గంట. ఆఖరికి సభలో నవ్వడానికి కూడా ఒక గంట ఉండేది. అది మోగకముందే నవ్వినవాణ్ణి ఎండలో నిలబెట్టేవారు. అలా నిలబడీ నిలబడీ నల్లబడ్డవాడు ఆస్థానంలోని చమత్కారి గుండన.

ఒకనాడు రాజుగారు చాటింపు వేయించారు. పిల్లలున్న ప్రతి ఇంటా గంట ఉండాలి. చదువూ పనీ గంట ప్రకారమే సాగాలి. గంట లేని ఇంటి పిల్లలు రాజశాలకు వచ్చి అక్కడే ఉండి చదువుకోవాలి.

గంధంవీధిలో నాంచారమ్మ అనే ఇల్లాలు ఉంది. భర్త ఎద్దుల బిడారుతో సరుకు అమ్ముకుంటూ ఎక్కువగా దారుల్లోనే ఉంటాడు. తొమ్మిదిమంది పిల్లలు, ఉయ్యాలలో పదోవాడు. అందరికీ ఇంట్లోనే ఆమే చదువు చెబుతుంది. భటులు వెతికితే ఆ ఇంట్లో గంట కనబడలేదు. ఆమెను సభకు రప్పించారు.

"గంట ఎందుకు పెట్టలేదమ్మా?" అన్నారు రాజుగారు.

"మా ఇంటికి అది సరిపడదు ప్రభూ. ఎందుకంటే..."

అంతలో విన్నపాల వేళ ముగిసినట్టు గంట మోగింది. రాజుగారు లేచారు. "ఎల్లుండి నుంచి నీ పిల్లలు రాజశాలలో ఉంటారు. పండగలకు పంపుతాం" అని లోపలికి వెళ్లిపోయారు.

నాంచారమ్మ గుండన దగ్గరికి వెళ్లి కన్నీళ్లు పెట్టుకుంది. "అన్నయ్యా, పిల్లలు లేని ఇంట్లో ఎలా అడుగుపెట్టను? వాళ్ల గొంతులు వినబడకపోతే చంటివాడు ముద్ద కూడా మింగడు."

గుండన మనసు కలుక్కుమంది. "సభలో చెప్పబోయి ఆగిపోయావే, ఆ మాటేమిటమ్మా?"

ఆమె చెప్పింది. గుండన తలాడించాడు. "సరే. రేపు పొద్దున రాజుగారు మీ ఇంటికి వస్తారు. ఆయన చెప్పింది తు.చ. తప్పకుండా చెయ్యమను పిల్లల్ని. చెప్పనిది మాత్రం చెయ్యొద్దను."

తర్వాత రాజుగారి దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకున్నాడు. "తమ ఆజ్ఞ సబబే ప్రభూ. అయితే ఒంటరి ఇల్లాలిని బెదిరించారని రేపు ఊరు అనకూడదు. ఒక్క పూట తమరే ఆ ఇంటిని గంట మీద నడిపి చూపిస్తే నోళ్లు మూతపడతాయి. నడిస్తే పిల్లలు రాజశాలకు. నడవకపోతే తల్లి దగ్గరే."

రాజుగారు మీసం దువ్వారు. "సైన్యాలను నడిపినవాళ్లం. పిల్లలొక లెక్కా? ఒప్పుకున్నాం."

మర్నాడు గుండనను వెంటబెట్టుకుని వచ్చి, నాంచారమ్మను అరుగు మీద కూర్చోబెట్టి, రాజుగారు ఇంటి నడుమ నిలబడి గంట కొట్టారు. ఉయ్యాలలో చంటివాడు ఉలిక్కిపడి లేచి ఆరున్నొక్క రాగం అందుకున్నాడు.

స్నానాల గంట కొట్టారు. తొమ్మిదిమందీ ఒక్కసారే బావి దగ్గరికి పరిగెత్తారు. ఉన్నది ఒకటే చేద. చదువుల గంట కొట్టేసరికి సగం ఒళ్లు తడిసినవాళ్లు కొందరు, తడవనివాళ్లు కొందరు వచ్చి కూర్చున్నారు. ఇంతలో తల్లి పొయ్యి మీద పెట్టి వెళ్లిన పాలు పైకి లేచాయి.

"పాలు పొంగుతున్నాయి, ఎవరూ చూడరేం?" అన్నారు రాజుగారు.

మూడో అమ్మాయి చేతులు కట్టుకుని చెప్పింది. "వంట గంట ఇంకా కొట్టలేదు రాజుగారూ."

ఆయన కొట్టారు. తొమ్మిదిమందీ పొయ్యి చుట్టూ చేరారు. పాలు అప్పటికే పొయ్యిలో పడ్డాయి.

"ఆ చంటివాణ్ణైనా ఎత్తుకోండి" అన్నారు రాజుగారు.

"దానికి ఏ గంట రాజుగారూ?"

చంటిపిల్లల్ని ఎత్తుకోవడానికి రాజుగారు గంట పెట్టలేదు. చేసేది లేక తానే ఎత్తుకున్నారు. వాడు ఏడుపు ఆపకుండానే రాజ్యాన్ని వణికించే ఆ మీసాన్ని గుప్పిట పట్టి లాగాడు.

"గుండనా, ఆ తల్లిని పిలువు" అన్నారు రాజుగారు చిన్న గొంతుతో.

నాంచారమ్మ వచ్చి పిల్లవాణ్ణి భుజాన వేసుకుంది. వాడు నిద్రపోగానే ఉయ్యాలలో పడుకోబెట్టింది. ఎవరినీ ఏమీ అనలేదు. అయినా ఇల్లు చప్పున సద్దుమణిగింది. పెద్దవాళ్లు తాటాకులు తీసి రాతకు కూర్చున్నారు. నడిమివాళ్లు ఇసుకపళ్లెంలో అక్షరాలు దిద్దారు. చిన్నవాళ్లు చిక్కుడుకాయలు ఒలిచారు, ఒక్క గింజ కూడా చప్పుడు చెయ్యలేదు.

కాసేపటికి చంటివాడు లేచి కేరింత కొట్టాడు. అంతే, ఇల్లంతా గొంతెత్తింది. పెద్దమ్మాయి రుబ్బురోట్లో పొత్రం తిప్పుతూ పద్యం ఎత్తుకుంటే, పక్కన పప్పు అందించే చెల్లెలు దాన్ని అందుకుంది. చేదతో నీళ్లు తోడే కుర్రవాడు ఒక్కో లాగుకూ ఒక్కో ఎక్కం చెబుతుంటే, నీళ్లు పోసుకునే తమ్ముడు తిరిగి అప్పజెప్పాడు. నేర్చినవాడు తన కిందివాడికి నేర్పితేనే విస్తరి ముందు కూర్చోవాలన్నది ఆ ఇంటి ఆచారం. అన్నం ఉడికేసరికి పాఠాలూ అయ్యాయి, స్నానాలూ అయ్యాయి.

రాజుగారు నిలబడ్డవారు నిలబడ్డట్టే ఉండిపోయారు. కోటలో ఇంతమంది సేవకులుండీ, ఇన్ని గంటలుండీ ఆయన ఇలాంటిది ఎన్నడూ చూడలేదు. నాంచారమ్మకు చేతులెత్తి మొక్కాలనిపించింది, మొక్కారు కూడా.

చంటివాడు పాలు తాగి మళ్లీ కునుకు తీశాడు. ఇల్లు మళ్లీ రాతకు కూర్చుంది.

"వీళ్లకు ఏ వేళకు ఏం చెయ్యాలో ఎవరు చెబుతున్నారు?" అని గుసగుసగా అడిగారు రాజుగారు.

"గంటే ప్రభూ" అని గుండన ఉయ్యాల వైపు చూపించాడు. "అది ఊరుకుంటే రాత, మోగితే వల్లెవేత. నిన్న సభలో ఈ తల్లి చెప్పబోయింది ఇదే. ఇంటికో గంట ఉండాలన్నారు గానీ, అది కంచుదే కావాలని తమ ఆజ్ఞలో లేదు కదా."

రాజుగారికి నవ్వు తన్నుకొచ్చింది. మూడో అమ్మాయి గబుక్కున పెదవుల మీద వేలు పెట్టుకుని ఉయ్యాల వైపు చూసింది. రాజుగారు ఉత్తరీయం నోట్లో కుక్కుకుని, పాదరక్షలు చేత పట్టుకుని, మునివేళ్ల మీద బయటపడ్డారు. ఆనాడు పల్లకీ బోయీలు కూడా నోరెత్తలేదు.

వీధి మలుపు తిరిగాక ఆయన పల్లకీ ఆపించి, కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వారు.

"నవ్వు గంట ఇంకా కాలేదు ప్రభూ" అన్నాడు గుండన.

రాజుగారు మరింత నవ్వి, మెడలోని ముత్యాలహారం తీసి అతని మెడలో వేశారు. చాటింపు ఆ సాయంత్రమే రద్దయింది. తన మూలాన పొంగిపోయిన పాలకు బదులుగా నాంచారమ్మ ఇంటికి ఒక పాడి ఆవును పంపించారు. దాని మెడలోని గంటను మాత్రం రాజుగారే స్వయంగా విప్పి కోటలో దాచుకున్నారు.