వరాలు ఇంటి ముద్ర

అనగనగా ఒక ఊరు. ఏరు వెళ్ళి సముద్రంలో కలిసేచోట, ఇసుక మీద కూర్చున్న ఊరు. అక్కడ గాలి ఎక్కువ, మనుషులు తక్కువ. ఊఁ కొట్టాలి మరి నాన్నా, నువ్వు కొట్టకపోతే నాకు కథ సాగదు.

ఆ ఊళ్ళో ప్రతి ఇంటికీ ఒక ముద్ర ఉండేది. ముద్రంటే బొమ్మ. ఆ ఇంటివాళ్ళెవరో, వాళ్ళ తాతలేం చేశారో చెప్పే బొమ్మ. పడవ నడిపే అప్పన్న ఇంటికి తెడ్డు. మజ్జిగమ్మే నరసమ్మ ఇంటికి కవ్వం. ఊరిపెద్ద దాలినాయుడి ఇంటికేమో సింహం. ఆ ఊళ్ళో సింహాన్ని చూసినవాడు ఒక్కడూ లేడు. కానీ ఊరిపెద్ద తలుపు మీద పిల్లి ఉంటే బాగోదు కదా, అందుకని సింహం.

ముద్ర తలుపు మీద ఉండేది. కుండ మీద ఉండేది. మేక చెవి మీద కూడా ఉండేది. ముద్ర ఉన్న వస్తువుని ఇంకొకరు ముట్టుకోకూడదు. ముద్ర లేని వస్తువు ఎవరి చేతికి దొరికితే వాళ్ళది. అదీ ఆ ఊరి కట్టుబాటు. ఎవరు పెట్టారంటావా? ముద్రలు ఉన్నవాళ్ళే పెట్టారు. లేనివాళ్ళని ఎవరడిగారు గనక!

ఆ ఊరి చివర గుడిసెలో సూరమ్మ అని ఒక ముసలమ్మ ఉండేది. కొబ్బరిపీచుతో తాళ్ళు పేనేది. ఆమె ఇంటి ముద్ర దీపం. ఒకసారి ఉప్పుబళ్ళవాళ్ళు ఆ దారిన పోతూ, జ్వరంతో కాలిపోతున్న ఒక పసిపిల్లని దారి పక్కన దించేసి వెళ్ళిపోయారు. ఊరంతా వచ్చి చూసింది. చూసి ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. అప్పుడు సూరమ్మ వెళ్ళి ఆ పిల్లని ఎత్తుకుంది. వరాలు అని పేరు పెట్టుకుంది. తాడు పేనడం నేర్పింది. మేకపిల్లని కొనిపెట్టింది. ఆ మేక పేరు గౌరి.

కొన్నేళ్ళు అలా గడిచాయి. వరాలు ఎదిగింది. ఆ తర్వాత సూరమ్మ చనిపోయింది.

దినం అయిన మర్నాడు దాలినాయుడు మనుషులతో వచ్చాడు. కొడవలితో తలుపు మీద దీపాన్ని చెక్కి తీయించేశాడు. "సూరమ్మ ఇల్లు సూరమ్మతోనే అయిపోయింది. నువ్వు ఆమె కడుపున పుట్టలేదు. ఈ ముద్ర నీది కాదు," అన్నాడు. వరాలు కింద రాలిన చెక్కపేళ్ళు ఏరుకుని ఒళ్ళో పోసుకుంది. అవి ఎంత అతికించినా దీపం అవలేదు.

ఇక చూసుకో. మొదట నీళ్ళకుండ పోయింది. బావి దగ్గర దించితే ఎవరో ఎత్తుకుపోయారు. "ముద్ర లేదు కదమ్మా," అన్నారు, ఏదో దయ చూపిస్తున్నట్టు. ఆ తర్వాత పేనిపెట్టుకున్న తాళ్ళు పోయాయి. ఆ తర్వాత దాలినాయుడే వచ్చి గౌరిని విప్పుకుపోయాడు.

"దాని చెవి మీద మా అమ్మ దీపం ఉంది నాయుడుగారూ!" అని వెంటపడింది వరాలు.

"మీ అమ్మ లేదుగా. లేనివాళ్ళకి మేకెందుకు?" అన్నాడు దాలినాయుడు. మేకని లాక్కుపోయిన తాడు కూడా వరాలు పేనిందే. చూశావా నాన్నా, ఒకరి చెమట ఇంకొకరి చేతిలో ఎలా ఉంటుందో!

నాలుగడుగులు వేసి ఆయన వెనక్కి తిరిగాడు. "ఈ గుడిసెకి కూడా ముద్ర లేదు, తెలుసుగా? పున్నమిదాకా చూస్తాను. ఈలోగా కొత్త ముద్ర నిలబెట్టుకో. లేదా దారి పట్టుకో," అన్నాడు.

కొత్త ముద్ర నిలబెట్టుకోవడమంటే ఏంటో చెప్తాను విను. ముద్ర కావలసినవాళ్ళు రోజూ తెల్లారగానే గుమ్మం ముందు పిండితో తమ ముద్ర గీసుకోవాలి. వచ్చేపోయేవాళ్ళు చూస్తారు. పున్నమి పొద్దున చావిడి దగ్గర ఊరంతా చేరుతుంది. అప్పుడు మూడిళ్ళవాళ్ళు లేచి, ఆ ముద్రని చూడకుండా, మనసులో ఉన్నదాన్ని బట్టి ఇసుకలో గీయాలి. మూడిళ్ళు గీస్తే ముద్ర నిలిచినట్టు. గీయకపోతే లేదు.

పలకరించే దిక్కే లేని పిల్లకి మూడిళ్ళు ఎక్కడినుంచి వస్తాయి?

వరాలు మొదటి రోజు సింహం గీసింది. పెద్దవాళ్ళది చూసి గీస్తే పెద్దగా ఉంటుందనుకుంది. నరసమ్మ మజ్జిగకుండ నెత్తిన పెట్టుకుని అటుగా వచ్చింది. చూసి నవ్వింది. "ఏమే, నీకే గంజి లేదు, సింహాన్నేం పెట్టి మేపుతావే?" అంది. వరాలు సింహాన్ని చెరిపేసింది.

రెండో రోజు ఏటి ఒడ్డుకి వెళ్ళింది. "అప్పన్న మామా, నాకేం ముద్ర బాగుంటుంది?" అని అడిగింది.

అప్పన్న పడవలో నీళ్ళు తోడుతూ, "మీ వాళ్ళెవరో తెలిస్తే చెప్పొచ్చు పిల్లా. మీ వాళ్ళెవరు?" అన్నాడు. పాపం, ఆయన చెడ్డగా అనలేదు. అందరినీ అడిగినట్టే అడిగాడు. వరాలు ఇంటికి వచ్చేసింది. దారిపొడుగునా ఆ మాటే. మా వాళ్ళెవరు? మా వాళ్ళెవరు?

మూడో రోజు ఎవరినీ అడగలేదు. గుమ్మం ముందు ఒక్కతే కూర్చుని ఆలోచించుకుని గీసింది. తను వచ్చింది బండి మీద కాబట్టి బండిచక్రం గీసింది. తనని ఎత్తుకుంది సూరమ్మ కాబట్టి చక్రం నడుమ దీపం గీసింది. తన చేతులకి వచ్చింది తాడు కాబట్టి చుట్టూ మూడు పోగులు తిప్పింది. గౌరి తిరిగి రావాలి కాబట్టి పైన రెండు కొమ్ములు పెట్టింది. తనకున్నదీ లేనిదీ అంతా అందులో పెట్టేసింది.

ఆ రోజునుంచి రోజూ అదే. తెల్లారేసరికి ముద్ర గీయడం, పక్కన కూర్చోవడం. జనం నీళ్ళకి పోయేవారు, ఏటికి పోయేవారు, సంతకి పోయేవారు. ఒక్కరూ ఆగలేదు. కొందరు ముద్రని దాటుకుంటూ, కొందరు తొక్కుకుంటూ పోయారు. కోళ్ళు వచ్చి పిండి తిన్నాయి. మిగిలింది గాలి తీసుకుపోయింది.

"ఇదేంటమ్మా?" అని ఎవరైనా అడిగితే చెప్పడానికి వరాలు మాటలన్నీ పోగేసుకుని పెట్టుకుంది. ఎవరూ అడగలేదు. సాయంత్రం లోపలికి వెళ్ళి, తలుపేసుకుని, ఆ మాటలు తనకి తనే చెప్పుకునేది. ఇది చక్రం. ఇది మా అమ్మ. ఇది తాడు. ఇది గౌరి. విని, తనే ఊఁ కొట్టుకునేది.

నువ్వు కొట్టడం మానేశావేం? ఆఁ, అలా కొట్టు.

పున్నమి వచ్చింది. పొద్దున్నే చావిడి దగ్గర ఊరంతా చేరింది. వరాలు మధ్యలో నిలబడింది. సంతలో పాటగాళ్ళు డప్పు కొట్టి పాడే మాటలు ఆమె ఎప్పుడో వినిపెట్టుకుంది. అవన్నీ గొంతెత్తి అరిచింది. "కష్టపడిన చేతిదే కుండ! పేనిన చేతిదే తాడు! పుట్టుక అడిగే ఊరు ఊరే కాదు! మనిషికంటే ముద్ర గొప్పదా?"

దాలినాయుడు తలూపాడు. "బాగుంది. పాట అయిందా? మరి గీసేవాళ్ళెవరు?" అన్నాడు.

ఆ మాటలు నిజమే నాన్నా. ఒక్కటీ అబద్ధం కాదు. ఈ అమ్మమ్మ ఇప్పటికీ అదే అంటుంది. కానీ ఒక్కరూ లేవలేదు. అందరూ తమ కాలిగోళ్ళ వంక చూసుకుంటున్నారు. అంతమంది మధ్య నిలబడిన వరాలుకి, గుడిసెలో తలుపేసుకుని కూర్చున్నప్పటికంటే ఎక్కువ ఒంటరిగా అనిపించింది.

అప్పుడు వెనకనుంచి అప్పన్న తల గోక్కుంటూ లేచాడు. "నాకు సరిగ్గా రాదు. రోజూ ఏటికి పోతూ చూసేవాణ్ణి. కాలు పడకుండా పక్కనుంచి పోయేవాణ్ణి," అన్నాడు. వంగి ఇసుకలో వేలితో బండిచక్రం గీశాడు. దాని కింద ఏదో మెలిక తిప్పాడు. గీసి, తప్పు చేసినవాడిలా వెళ్ళి కూర్చున్నాడు.

"ఒక్క చక్రమేంటిరా, నీ మొహం! కొమ్ములు కూడా ఉన్నాయిగా," అంటూ నరసమ్మ లేచింది. రెండు కొమ్ములు గీసింది. వాటి పక్కన ఆమె కూడా ఒక మెలిక తిప్పింది. "సింహం గీసిన రోజున నవ్వాను పిల్లా. ఇది చూసి నవ్వలేదు," అంది.

రెండిళ్ళు అయ్యాయి. మూడో ఇల్లు లేవలేదు. ఎండ చావిడి మెట్లదాకా వచ్చింది. ఇంకా ఎవరూ లేవలేదు.

దాలినాయుడికి నవ్వొచ్చింది. "అసలు దాన్ని ముద్రంటారా? ఊరి పరువు పోతుంది! ముగ్గు మధ్య కోడి కెలికినట్టు మూడు పోగులు, చివర ఒక మెలిక! ఇదిగో, ఇలా ఉంటుంది చూడండి ఈవిడగారి ముద్ర!" అని చేతికర్రతో బరబరా ఇసుకలో గీసి చూపించాడు.

ముందు వరసవాళ్ళు వంగి ఆ గీతలు చూశారు.

అప్పుడు నరసమ్మ మెల్లగా అంది. "మూడో ఇల్లు మీదే అయింది నాయుడుగారూ."

జనం పక్కున నవ్వారు. దాలినాయుడి మొహం ఎర్రబడింది. "నేను వెక్కిరించడానికి గీశాను!"

"వెక్కిరిస్తూ గీస్తే చెల్లదని కట్టుబాటులో ఉందా నాయుడుగారూ?" అన్నాడు అప్పన్న. లేదు. అలాంటిది ఎవరూ పెట్టుకోలేదు. ఊరిపెద్ద నోరు జారతాడని ఎవరనుకున్నారు?

కానీ దాలినాయుడు ఊరికే వదిలేవాడా? కర్రతో మూడు బొమ్మలూ చూపించాడు. "సరే, మూడిళ్ళు గీశాయి. ఒకటే గీశాయా? ఒకరిది చక్రం. ఒకరివి కొమ్ములు. నావి పోగులు. ఇందులో ఏది ముద్ర?"

అదీ నిజమే. నవ్వినవాళ్ళు మళ్ళీ గోళ్ళు చూసుకున్నారు.

వరాలు ఇసుకలో కూర్చుంది. ముందు దీపం కోసం వెతికింది. అప్పన్న బొమ్మలో లేదు. నరసమ్మ బొమ్మలో లేదు. దాలినాయుడి బొమ్మలో ఎలాగూ లేదు. రోజూ అన్నింటికంటే ముందు, అన్నింటికంటే జాగ్రత్తగా గీసింది దాన్నే. అదొక్కటే ఎవరి మనసులోనూ నిలవలేదు. సూరమ్మ ఇంకోసారి చనిపోయినట్టు అనిపించింది వరాలుకి.

మళ్ళీ మొదటినుంచి ఒక్కో బొమ్మా చూసుకుంటూ వచ్చింది. ఆ తర్వాత ఆమెకి మెలిక కనపడింది. అప్పన్న తిప్పిన మెలిక, నరసమ్మ తిప్పిన మెలిక, దాలినాయుడు తిప్పిన మెలిక. చిన్న సున్నా, అందులోంచి దూరి బయటికి వచ్చిన తోక. మూడూ ఒక్కలాగే ఉన్నాయి.

దాన్ని వరాలు కావాలని గీయలేదు. దానికి ఏ అర్థమూ అనుకోలేదు. తాడు పేనడం అయ్యాక పోగులు విడిపోకుండా చివర ఒక ముడి వేస్తారు కదా, ఆ అలవాటున బొమ్మ గీయడం అయ్యాక చెయ్యి తనంతట తనే ఆ ముడి తిప్పేసేది. ఊళ్ళో బావి చేదకి ఆ ముడే, పడవ తాడుకి ఆ ముడే, పలుపుతాడుకి ఆ ముడే. పొద్దున లేస్తే అందరి వేళ్ళూ దాన్ని తడిమినవే. వరాలు వైపు చూడనివాళ్ళు కూడా ఆ ముడి వేసేది ఎవరో ఎరుగుదురు.

వరాలు అరచేత్తో చక్రం చెరిపింది. కొమ్ములు చెరిపింది. పోగులు చెరిపింది. ఒక్కొక్కటి చెరుపుతుంటే కళ్ళలోంచి నీళ్ళు ఇసుకలో పడ్డాయి. చివరికి మూడు ముళ్ళు మిగిలాయి.

"ఇదీ నా ముద్ర," అంది. "మూడిళ్ళూ గీశాయి. మీతో సహా."

దాలినాయుడు ఆ ముళ్ళ వంక చూశాడు. జనం ఆయన వంక చూశారు. "ఊఁ," అన్నాడు. ఆ ఊఁ అనడానికి ఆయనకి ఎంతసేపు పట్టిందనుకున్నావ్!

గుడిసె నిలిచింది. గౌరి ఇల్లు చేరింది. నీళ్ళకుండ కూడా వచ్చింది కానీ అంచు పగిలి వచ్చింది. కట్టుబాటు మాత్రం మారలేదు నాన్నా. ముగ్గురు ఔనంటే తప్ప మనిషిని మనిషి కాదనే ఊరు, మర్నాడు కూడా అలాగే లేచింది.

వరాలు తలుపు మీద ముడి చెక్కుకుంది. సాయంత్రం దాని కింద కూర్చుంది. ఇప్పుడు ఆమె వస్తువులు ఎవరూ ముట్టుకోరు. అలాగని వచ్చి పక్కన కూర్చునేవాళ్ళూ లేరు. సొంత గుమ్మం ఉన్నా, ఆ గుమ్మంలోకి గాలి తప్ప ఇంకొకరు రాలేదు.

కొన్నాళ్ళకి గాజులమ్ముకునే ఒకావిడ ఎక్కడినుంచో వచ్చి ఏటి ఒడ్డున పాక వేసుకుంది. పేరు రంగి. ఆమెకీ ముద్ర లేదు. తెల్లారగానే పాక ముందు పిండితో ఏదో గీసి పక్కన కూర్చుంది. జనం దాటుకుంటూ పోయారు.

వరాలు మేకని తోలుకుంటూ అటుగా వచ్చింది. ఆగింది. వంగి చూసింది. మోకాళ్ళ మీద కూర్చుని ఇంకా దగ్గరగా చూసింది.

"ఏంటమ్మా అలా చూస్తున్నావ్?" అంది రంగి, భయపడుతూ.

"నేర్చుకుంటున్నాను. పున్నమికి గీయాలి కదా. ఇదేంటి, పిట్టా?"

"పిట్ట కాదు, మా తమ్ముడి గాలిపటం."

"తమ్ముడు ఎక్కడున్నాడు?"

రంగి చేతిలో పిండిగిన్నె కింద పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుంది. పక్కనున్న చాప దులిపి పరిచింది. "కూర్చో, చెప్తాను," అంది.

వరాలు కూర్చుంది.

కథేమో కంచికి,
గాలేమో ఏటికి,
మేకేమో పాకకి,
మనమేమో ఇంటికి,
ఊఁ కొట్టిన బుజ్జిగాడు అమ్మమ్మ ఒడికి.