రోలు అక్కకి, పొత్రం చెల్లికి

రండి, పడుకోండి. ఏమే, ఇదేం పడకే? వెన్నెలేమో ఆ గోడవార, సాహితేమో ఈ గుమ్మంవార. ఇంత చాప మీద మధ్యలో నేనొక్కదాన్నీనా? సరే, మీ ఇష్టం. అరిచి చెప్పే ఓపిక నాకు లేదు. మెల్లిగానే చెబుతాను, వినబడినంత వినండి.

పొద్దున బజార్లో అడిగావు కదే సాహితీ, గాజుల కొట్లన్నీ ఒకే సందులో ఎందుకున్నాయి, తలో వీధిలో పెట్టుకోవచ్చుగా అని. చేతినిండా సంచులుండి అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

అనగనగా ఒక ఊళ్ళో ఒకటే వీధి. కాలువ గట్టు పొడుగునా బారుగా ఇళ్ళు, అంతే ఊరు. తూర్పు కొసన పడవల రేవు. పడమటి కొసన లాకు, అంటే కాలువ నీళ్ళని ఆపే తలుపులన్నమాట. సరిగ్గా మధ్యలో, అవతలి గట్టుకి పోవడానికి ఒక చెక్క వంతెన.

ఆ ఊళ్ళో గారెలు అమ్ముకునే ఒకావిడ ఉండేది. ఆవిడకిద్దరు కూతుళ్ళు. పెద్దది వరహాలమ్మ, చిన్నది బుల్లెమ్మ. తెల్లారకుండానే లేచి ముగ్గురూ పిండి రుబ్బి గారెలు వేస్తుంటే, ఆ వాసనకి ఊరంతా నిద్ర లేచేది. కొన్నాళ్ళకి ఆ తల్లి పోయింది పాపం.

ఆ తర్వాత సామాన్లు పంచుకున్నారు. బాణలి, జల్లిగరిటె, ఇత్తడి బిందె గొడవ లేకుండానే తెమిలిపోయాయి. రుబ్బురోలు దగ్గరికొచ్చేసరికి మాత్రం నాకంటే నాకని ఇద్దరూ పట్టుబట్టారు. అమ్మ చెయ్యి పడి పడి నున్నగా అరిగిన రోలది. ఎవరు వదులుకుంటారు?

అప్పుడేం చేశారో తెలుసా? వరహాలమ్మ రోలు పట్టుకుపోయింది. బుల్లెమ్మ పొత్రం చంకన పెట్టుకుపోయింది. పొత్రమంటే రోట్లో తిప్పే రాయి, నా తల్లే. ఒకటి లేకపోతే రెండోది ఎందుకు పనికొస్తుంది? ఆ సంగతి వాళ్ళకీ తెలుసు. తెలిసినా పంతం!

నవ్వకే వెన్నెలా. వామనగుంటల పీట నీ పెట్టెలోనూ, చింతగింజలు దాని గౌను జేబులోనూ ఉన్నాయని నాకు తెలియదనుకున్నావా? ఆ, ఏమిటీ, వినబడట్లేదా? అయితే కాస్త ఇటు జరుగు.

అప్పుడు ఒకరు సంతలో కొత్త పొత్రం, ఇంకొకరు కొత్త రోలు కొనుక్కున్నారు. కొన్నదేమో ఉన్నదానికి కుదిరి చావదు. రాయి తిరగక నీళ్ళు పోసి రుబ్బేవాళ్ళు. గారెల పిండికి నీళ్ళు ఎక్కువైతే ఏమవుతుంది? గారె నూనె తాగేస్తుంది. తిన్నవాళ్ళందరూ "మీ అమ్మ గారెలా లేదే పిల్లా" అనేవారు. ఆ మాటకి అక్కడ అక్కకీ ఇక్కడ చెల్లికీ కళ్ళలో నీళ్ళు తిరిగేవి. పొగ అని చెప్పి తుడుచుకునేవారు.

ఇక ఒకరి మొహం ఒకరు చూడకూడదని, వరహాలమ్మ రేవు దగ్గర పొయ్యి పెట్టింది. బుల్లెమ్మ లాకు దగ్గర పెట్టింది. ఆకలేసినవాళ్ళు దగ్గరున్న పొయ్యికే పోతారు కదా. అందుకని వీధిలో సగం అక్కవైపు, సగం చెల్లివైపు. ఇద్దరికీ బాగానే జరిగిపోతోంది.

ఒకరోజు వరహాలమ్మకి ఒక ఆలోచన వచ్చింది. 'నా వెనకాల రేవు వాళ్ళున్నారు. నేను కాస్త ముందుకి జరిగినా వాళ్ళు నా దగ్గరికే రావాలి, ఇంకెక్కడికి పోతారు? జరిగితే బుల్లి వైపు వాళ్ళు కొందరికి నేనే దగ్గరవుతాను.' అనుకున్నదే తడవు, మొగుడి చేత రోలు దొర్లించుకుంటూ వచ్చి ఓ పది గడపలు ఇవతల పొయ్యి పెట్టింది.

అప్పుడు బుల్లెమ్మ ఊరుకుంటుందా? తనూ రోలు దొర్లించుకుని అక్కవైపు జరిగింది. అది చూసి అక్క మళ్ళీ జరిగింది. చెల్లి మళ్ళీ జరిగింది. మూడోసారి కూడా జరిగారు. పాపం ఆ మొగుళ్ళిద్దరికీ నడుములు పడిపోయాయి. బేరం కోసమే జరుగుతున్నామని ఇద్దరూ చెప్పేవారు. నేనైతే సగమే నమ్ముతాను.

సాహితీ, ఆ దిండు కూడా తెచ్చుకోవే ఇటు, మెడ పట్టేస్తుంది.

అలా జరిగి జరిగి ఇద్దరూ వంతెన దగ్గరికొచ్చి పడ్డారు. ఇంకొక్క అడుగు వేస్తే ఒకరి పొయ్యిలో ఒకరు పడాలి. అప్పుడు వీపుకి వీపు పెట్టుకుని కూర్చున్నారు, మాటా పలుకూ లేకుండా. ఒకరు తుమ్మితే రెండోవారు చిరంజీవ అనబోయి నోరు మూసుకునేవారు.

ఇంత చేసీ ఏం సంపాదించారే? అప్పుడూ సగం సగమే, ఇప్పుడూ సగం సగమే. నష్టపోయిందల్లా కొసల్లో ఉన్నవాళ్ళు. లాకు తలుపులు తిప్పే తాత ఒకడుండేవాడు. మోకాళ్ళ నొప్పులు. "మీ పంతాలేమోగానీ నా గారె నాకు దూరమైపోయింది" అని ఆ ముసలాయన గంజి తాగి పడుకునేవాడు.

ఒక్క చిత్రం మాత్రం జరిగింది. అవతలి గట్టు వాళ్ళు వంతెన దాటి రావడం మొదలెట్టారు. ఇదివరకు వచ్చేవారు కాదు. ఒకే పొయ్యి అయితే అయిపోయాయంటారేమో, అంత దూరం వచ్చి ఉత్త చేతులతో పోవాలేమో అని భయం. రెండు పొయ్యిలు పక్కపక్కనే ఉంటే ఆ భయం లేదు కదా.

ఇలా ఉండగా ఒకరోజు తెల్లవారుజామున, వరహాలమ్మ సంతలో కొన్న పొత్రం ఫట్‌మని రెండు ముక్కలైంది. పిండంతా రాతిపొడి. పారబోసేసింది. పొయ్యి వెలిగించకుండా కూర్చుండిపోయింది.

బుల్లెమ్మకి పండగే అనుకున్నారా? తనూ అలాగే అనుకుంది. ఇన్నాళ్ళూ కోరుకున్నది అదేగా! ఊరంతా తన పొయ్యి ముందే నిలబడింది. కానీ ఒక్క బాణలి ఎంతమందికి సరిపోతుంది? అవతలి గట్టు వాళ్ళు కాసేపు చూసి, "ఇక మనదాకా రాదులే" అని వెనక్కి తిరిగారు. అక్క లేకపోతే వాళ్ళు తనకీ లేరని అప్పుడు తెలిసింది దానికి.

వాళ్ళని పిలుద్దామని వెనక్కి తిరిగింది. తిరిగితే అక్క కనబడింది. వరహాలమ్మ ఖాళీ రోట్లో చెయ్యిపెట్టి, అమ్మ చెయ్యి అరగదీసిన చోటే మెల్లిగా నిమురుతోంది. ఈసారి పొయ్యే వెలగలేదు, పొగ అని చెప్పడానికి కూడా లేదు.

అది చూసి బుల్లెమ్మకి బేరమూ గుర్తులేదు, జనమూ గుర్తులేరు. అమ్మ పొత్రం కడిగి, రెండు చేతులా ఎత్తి పట్టుకెళ్ళి అక్క ముందు పెట్టింది.

"నాకేం వద్దు పో" అంది వరహాలమ్మ, మొహం తిప్పుకుని.

"నీకెవరు తెచ్చారక్కా? అమ్మ రోలుకి తెచ్చాను" అంది బుల్లెమ్మ.

అప్పుడు వరహాలమ్మ చెల్లి మెడ చుట్టూ చేతులేసి బావురుమంది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి పొత్రాన్ని రోట్లోకి దింపారు. ఎంత కుదురుగా కూర్చుందనుకున్నారు! అక్క తిప్పింది, చెల్లి పప్పు తోసింది. చుక్క నీరు అక్కర్లేకుండా పిండి వెన్నలా నలిగింది.

మొదటి వాయి గారెలు ఆకులో కట్టుకుని బుల్లెమ్మ లాకు దాకా పరుగెత్తింది. తాత ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. నమలడం ఆపేసి బుల్లెమ్మ మొహంకేసి చూశాడు.

"వచ్చిందే మీ అమ్మ" అన్నాడు.

ఆ రోజు నుంచీ వంతెన దగ్గర పక్కపక్కనే రెండు పొయ్యిలు, ఇద్దరికీ కలిపి ఒక రోలు. కొసల్లో ఉన్నవాళ్ళకి గంపలో పెట్టుకెళ్ళి ఇచ్చేవారు, ఒకపూట అక్క, ఒకపూట చెల్లి. అందుకేనే సాహితీ, గాజుల కొట్లన్నీ ఒకచోట చేరేది. బేరానికి పోటీపడి ఒకళ్ళ పక్కకి ఒకళ్ళు జరుగుతారు, జరిగాక ఒకళ్ళ వల్ల ఒకళ్ళు బతుకుతారు.

ఏమే, నా కొంగు లాగుతున్నదెవరు? అయ్యో రామా, ఇద్దరూ నా పక్కలోకే వచ్చేశారా! ఎప్పుడు జరిగారే? కథ బాగా వినబడుతుందని ఒకళ్ళకంటే ఒకళ్ళు ముందుకొచ్చారన్నమాట. నన్నే వంతెన చేసేశారు కదే, నా బంగారుకొండలు. వెన్నెలా, నీ చెయ్యి దాని మీద పడింది చూసుకో. తియ్యక్కర్లేదులే, ఉండనీ.

కథేమో కంచి బండెక్కింది,
మనమేమో ఇంట్లో చాపెక్కాం,
రోలేమో పొత్రాన్ని కలిసింది,
గింజలు పీటని కలిసేదెప్పుడో!

ఆ గలగలేమిటే చీకట్లో? గింజలన్నీ దాని దోసిట్లో పోసేశావా సాహితీ? సరే సరే, పీట పొద్దున తీద్దురుగాని. ఇక పడుకోండి.