పీరమ్మ విడుపు

వినేవాళ్ళంతా దగ్గరికి జరగండి. ఏటికి వంతెన లేని కాలం అది. ఊరు దాటాలంటే కాళ్ళయినా ఉండాలి, గుర్రమైనా ఉండాలి. ఆ కాలంలో ఒక ఏరు, ఏటి ఒడ్డున ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక పీరమ్మ.

ఏటికి అసలు పేరేదో ఉండేది. ఆ పేరు ఎవరూ పలికేవాళ్ళు కాదు. మింగేరు అనేవాళ్ళు. వానాకాలం పోతే అందులో నీళ్ళుండవు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఇసుక, ఒట్టి ఇసుక. పైకి చూస్తే ఆరబోసిన బియ్యంలా తెల్లగా ఉంటుంది. దాని కింద ఎక్కడో ఊబి. ఇక్కడుందని చెప్పడానికి లేదు. వరద వచ్చి పోయిన ప్రతిసారీ చోటు మార్చుకుంటుంది. పోయినేడు పిల్లలు ఆడుకున్న చోట ఈ ఏడు ఎద్దు దిగబడుతుంది.

అయినా దాటక తప్పదు. సంత అవతల, ఉప్పు అవతల, జబ్బు చేస్తే వైద్యుడూ అవతలే. అందుకని ఆ ఊళ్ళో జట్కా బండ్లుండేవి. పొద్దంతా ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు.

పీరమ్మ మగడు మస్తాను జట్కా తోలేవాడు. పీరమ్మ తోలు పని చేసేది. జీనులు కుట్టేది, కళ్ళేలు కుట్టేది, తెగిన పట్టీలకు అతుకులేసేది. మస్తాను గుర్రానికి పట్టీలన్నీ ఆమె చేత్తో కుట్టినవే. గుర్రం రొమ్ముకు ఒక పట్టీ, వీపు మీద ఒక పట్టీ, పొట్ట కింద ఒక పట్టీ. ఆ మూడు పట్టీలనూ బండి నొగలకు, అంటే ముందుకు చాచిన రెండు కర్రలకు, ముడేసి కడితేనే గుర్రం రెండు నొగల మధ్య నిలబడి బండి లాగుతుంది. ముడి ఎంత గట్టిగా ఉంటే బండి అంత భద్రం అనుకునేవాళ్ళు.

ఒకరోజు మస్తాను ఉప్పు మూటలేసుకుని ఇవతలికి వస్తున్నాడు. ఎండ నడినెత్తిన ఉంది. పీరమ్మ ఒడ్డున నిలబడి బండి చూసింది. దగ్గరికి వచ్చేసింది. మస్తాను తలపాగా రంగు కూడా కనబడుతోంది.

గుబుక్కుమంది.

గుర్రం ముందుకాళ్ళు దిగబడ్డాయి. తర్వాత బండి చక్రం. గుర్రం పైకి లేవాలని తన్నుకుంది. తన్నుకున్న కొద్దీ బండి దాన్ని కిందికి లాగింది. బండి దిగిన కొద్దీ గుర్రం దిగింది.

"దూకు! వదిలేసి దూకు!" అని ఒడ్డున అందరూ అరిచారు.

మస్తాను దూకలేదు. గుర్రప్పిల్లగా ఉన్నప్పటి నుంచి పెంచిన గుర్రం అది. వంగి రొమ్ము పట్టీ ముడి విప్పాడు. వీపు పట్టీ ముడి తడిసి బిగుసుకుంటే పంటితో పట్టి విప్పాడు. పొట్ట పట్టీ అప్పటికే ఇసుకలోకి పోయింది. చెయ్యి లోపలికి పెట్టి వెతికాడు.

"వచ్చెయ్యవయ్యా! నీకు దండం పెడతా, వచ్చెయ్!" అంది పీరమ్మ.

"ఇంకొక్కటే పీరమ్మా," అన్నాడు. "ఇంకొక్కటే."

ఒడ్డు నుంచి తాడు విసిరారు. అందలేదు. మళ్ళీ విసిరారు. అందలేదు. మూడోసారి తాడు అందిన చోట మనిషి లేడు. గుర్రమూ లేదు, బండీ లేదు. ఇసుక చదునుగా, తెల్లగా, ఏమీ ఎరగనట్టు మెరుస్తోంది.

అన్నిటికన్నా ఆ చదునే భయపెట్టింది పీరమ్మని. గుంట ఉన్నా బాగుండేది. ఇక్కడ పోయాడని వేలు పెట్టి చూపించడానికి గుర్తన్నా ఉండేది.

ఆ తర్వాత ఊళ్ళో ఒక మాట పుట్టింది. నడిమధ్యాహ్నం ఇసుకలో బండి పోతుంటే కింది నుంచి "ఇంకొక్కటే" అని వినబడుతుందట. ఆ మాట విన్న గుర్రం చెవులు వెనక్కి వాల్చి అడుగు ముందుకెయ్యదట. బండ్లవాళ్ళు చెవుల్లో దూది కుక్కుకుని దాటేవాళ్ళు. పీరమ్మ అయితే ఏటి వైపు కిటికీ మూసేసింది. ఇసుక మీద కాలు పెట్టలేదు. ఇంటి అరుగు మీద ఇసుక రాలితే వెంటనే ఊడ్చేది.

కానీ చేతులు ఊరుకోలేదు. పట్టీ కుడుతూ కుడుతూ ముడి దగ్గర ఆగిపోయేది. ఈ ముడి వెయ్యాలా? మళ్ళీ ఇంకొకడి పళ్ళ కిందికి ఈ ముడే పంపాలా?

ఆలోచించగా ఆలోచించగా ఆమెకు ఒక ఉపాయం తోచింది. మూడు పట్టీల కొసలకూ కన్నమున్న మూడు తోలు చెవులు కుట్టింది. మూడు చెవులూ కుడి నొగ దగ్గర ఒకదాని పక్కన ఒకటి వచ్చేలా చేసింది. మూడింటిలోంచి ఒకే ఒక చీల దూర్చింది. చీల తలకు ఒక సన్నటి తోలు వారు కట్టి, తోలేవాడు కూర్చునే చోటి దాకా తెచ్చింది. వారు లాగితే చీల ఊడుతుంది. చీల ఊడితే మూడు పట్టీలూ ఒక్కసారే జారిపోతాయి. గుర్రం నొగల మధ్య నుంచి ముందుకు నడిచి పోవచ్చు. దానికి విడుపు అని పేరు పెట్టుకుంది.

మొదట తుమ్మకర్రతో చీల చేసింది. ఇంటి వెనక గొయ్యి తవ్వి, ఇసుకా నీళ్ళూ పోసి, అందులో పెట్టి లాగింది. కర్ర ఉబ్బి కరుచుకుంది. రాలేదు. తర్వాత ఇనుముతో చేయించింది. ఇసుక రేణువులు పట్టి కిర్రుమంది. రాలేదు. ఆ తర్వాత గేదె కొమ్ము అరగదీసి, నున్నగా రుద్ది, ఆముదం పట్టించింది. లాగితే వచ్చింది.

వచ్చినా ఆమెకు నమ్మకం కుదరలేదు. పట్టీలు తన నడుముకే కట్టుకుని ఆ గోతిలో దిగింది. రొమ్ము దాకా ఇసుక. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గోడ మీంచి చూసి బెదిరిపోయారు. "పీరమ్మకు మతి తప్పింది" అని గొణుక్కున్నారు. ఆమె కళ్ళు మూసుకుని వారు లాగింది. పట్టీలు జారిపోయాయి. పైకి వచ్చి, గోతి పక్కన కూర్చుని, చీలకు పట్టిన ఇసుక తుడిచింది.

బండ్లవాళ్ళ దగ్గరికి తీసుకుపోయింది. ఒకడు, "దారిలో దానంతటదే ఊడితే నా బండి బోల్తా కొట్టదా?" అన్నాడు. ఇంకొకడు, "మా నాన్న ముడే వేశాడు, నేనూ ముడే వేస్తా" అన్నాడు. మూడోవాడు అసలు దాన్ని ముట్టుకోనే లేదు. "అది కట్టుకుంటే ఊబిని రమ్మని పిలిచినట్టే. నా గడప తొక్కొద్దు తల్లీ" అన్నాడు.

చివరికి మస్తాను తమ్ముడు ఖాసిం దగ్గరికి పోయింది. అతనికి ఒక బూడిదరంగు గుర్రం ఉండేది. దాన్ని బూడిదా అనే పిలిచేవాడు.

ఖాసిం విడుపుని చేతిలో తిప్పి తిప్పి చూశాడు. "వదినా, నిజం చెప్పు. దీన్ని నువ్వు నమ్ముతున్నావా?"

"నమ్ముతున్నా."

"అయితే నా బండెక్కు. నాతో ఏరు దాటు. నువ్వు ఎక్కితేనే కట్టించుకుంటా."

పీరమ్మ విడుపుని కొంగులో చుట్టుకుని ఇంటికి వచ్చేసింది.

ఆ ఏడు వరద పెద్దది. వరద తీసింది. ఊబి ఎక్కడికి మారిందో ఎవరికీ తెలియదు. మొదటి బండి ఎవరు దింపుతారా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఆ పూట సుంకమ్మ అనే బాలింత బిడ్డనెత్తుకుని ఏడుస్తూ వచ్చింది. బిడ్డ ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. పాలు తాగడం లేదు, ఏడవడం కూడా మానేసింది.

"వైద్యుడి దగ్గరికి చేర్చండయ్యా! మీ కాళ్ళు మొక్కుతా!"

బండ్లవాళ్ళు తలలొంచుకున్నారు. ఖాసిం కూడా తలొంచుకున్నాడు.

పీరమ్మ ఆ బిడ్డ మొహం చూసింది. ఇంట్లోకి పోయి విడుపు తెచ్చింది. ఒక పొడుగు తాడు కూడా తెచ్చింది. బూడిద పట్టీల ముడులు విప్పేసి, తోలు చెవులు తగిలించి, చీల దూర్చింది. తాడు ఒక కొస గుర్రం మెడపట్టీకి కట్టి రెండో కొస బండిలో వేసింది. బండెక్కి, ముందు వైపు కూర్చుంది.

"ఎక్కాను ఖాసిమూ. తోలు."

సుంకమ్మ బిడ్డతో వెనక ఎక్కింది. బండి ఇసుకలో దిగింది. పీరమ్మ చీల వారు చేతికి చుట్టుకుంది. చక్రాల కింద ఇసుక కరకరమంటోంది. కరకరమన్నంత సేపూ భయం లేదు. చప్పుడు ఆగితేనే భయం. ముగ్గురూ ఆ చప్పుడే వింటున్నారు. ఒడ్డు దూరమైంది. సగం దాటారు. ముప్పావు దాటారు.

చప్పుడు ఆగింది.

బూడిద చెవులు వెనక్కి వాల్చింది. గుబుక్కుమంది. ముందుకాళ్ళు మోకాళ్ళ దాకా పోయాయి. బండి ముందుకు వంగింది.

ఖాసిం భయంలో అన్నీ మర్చిపోయాడు. ముడులు విప్పాలని కిందికి దూకాడు. అక్కడ ముడులు లేవు. తొడల దాకా దిగిపోయి నొగ పట్టుకుని వేలాడుతున్నాడు.

"వదినా! లాగు! లాగు!"

పీరమ్మ చెయ్యి కదల్లేదు. రాయిలా అయిపోయింది. ఆమెకు వినబడింది. కింది నుంచి, మెల్లగా, మనిషి ఎవరో పళ్ళ సందున పట్టీ పట్టుకుని మాట్లాడినట్టు. ఇంకొక్కటే. ఇంకొక్కటే.

"అక్కా! నా బిడ్డ!" అని సుంకమ్మ ఆమె భుజం పట్టి కుదిపింది.

పీరమ్మ లాగింది. చీల రాలేదు.

రెండు చేతులతో లాగింది. వేలెడంత కదిలి ఆగిపోయింది. ఇసుక అప్పటికి నొగలనందుకుంటోంది.

అప్పుడు చూసింది. గుర్రం ప్రాణభయంతో ముందుకు గుంజుతోంది. గుంజిన కొద్దీ పట్టీలు బిగిసి చీలను నొక్కేస్తున్నాయి. గోతిలో తను కదలకుండా నిలబడింది. గుర్రం అలా నిలబడుతుందా? ఆ సంగతి ఆమె ఆలోచించలేదు.

"ఖాసిమూ! గుర్రాన్ని ఆపు! ఒక్క క్షణం ఆపు!"

"మునిగిపోతోంది వదినా, ఎట్లా ఆపేది?"

"నీ మాటే వింటుంది. పిలువు!"

ఖాసిం ఇసుకలో వేలాడుతూనే, రోజూ దాణా పెట్టేటప్పుడు పిలిచినట్టు పిలిచాడు. "బూడిదా... నిలు తల్లీ. నిలు."

బూడిద తల తిప్పి అతని వైపు చూసింది. ఒక్క ఊపిరి పాటు గుంజడం మానింది. పట్టీలు వదులయ్యాయి.

పీరమ్మ మూడోసారి లాగింది.

చీల ఊడి ఒళ్ళో పడింది. పట్టీలు టప టప టపమని జారిపోయాయి. బూడిద ఒక్కసారిగా తేలికై, పక్కకు ఒరిగి, కాళ్ళు పీక్కుని, ఈదినట్టుగా ఇసుకను చీల్చుకుంటూ పోయి గట్టి నేల మీద నిలబడింది. తాడు బిగిసింది. పీరమ్మ సుంకమ్మ నడుముకు తాడు చుట్టింది, బిడ్డను ఆమె వీపుకు కట్టింది. "పడుకుని పో. నిలబడకు" అంది. ఖాసిం వాళ్ళ వెనక తాడు పట్టుకున్నాడు. తను ఆఖరున పట్టుకుంది. బూడిద లాగింది. నలుగురినీ లాగింది.

గట్టి నేల మీద పడ్డాక వెనక్కి తిరిగి చూశారు. బండి పైకప్పు మాత్రం కనబడుతోంది. చూస్తుండగానే అదీ పోయింది. ఇసుక చదునైంది.

బిడ్డ బతికింది. వైద్యుడు ఏమి ఇచ్చాడో గానీ ఆ సాయంత్రానికల్లా కళ్ళు తెరిచి పాలకు ఏడ్చింది.

పీరమ్మ మాత్రం ఆ రోజు గొప్ప చెప్పుకోలేదు. ఇంటికి చేరగానే ఆకురాయి తీసుకుని కొమ్ము చీల ముందర వేసుకుంది. మొదలు లావుగా, కొస సన్నగా అరగదీసింది. గుర్రం గుంజుతున్నా సరే ఊడి రావాలి. అలా వచ్చేదాకా అరగదీస్తూనే ఉంది.

తర్వాత బండ్లవాళ్ళందరూ వచ్చారు. గడప తొక్కొద్దన్నవాడూ వచ్చాడు. పీరమ్మ కాదనలేదు. ఒక్కటే అడిగింది. "నీ పెళ్ళాన్ని తీసుకురా. లేకపోతే అమ్మని తీసుకురా. ముందు ఆమె లాగి చూడాలి. ఒడ్డున నిలబడి చూసేది ఆమే కదా." ఆడమనిషి వచ్చి, బండి పక్కన నిలబడి, తన చేత్తో లాగి, గుర్రం బయటికి నడిచి రావడం కళ్ళారా చూశాకే పీరమ్మ ఆ విడుపు ఇచ్చేది.

అలా ఎన్నో ఏళ్ళు. ఊబి మళ్ళీ మళ్ళీ బండ్లను మింగింది. గుర్రాన్ని మింగలేదు, మనిషిని మింగలేదు.

ఒకసారి ఖాసిం అడిగాడు. "ఇప్పుడు భయం పోయిందా వదినా?"

"పోలేదు," అంది పీరమ్మ. "నిన్న కూడా ఊబి కలలోకి వచ్చింది."

కిటికీ మాత్రం తెరిచి పెట్టుకునేది.

పీరమ్మ ముసలిదై, జ్వరమొచ్చి, మంచం మీదే కన్నుమూసింది. ఆ రోజు ఊళ్ళో జట్కాలన్నీ ఏటి ఒడ్డుకు వచ్చి వరసగా నిలబడ్డాయి. ఎవరు చెప్పారో ఏమో, ఇళ్ళలోంచి ఆడవాళ్ళు వచ్చి ఒక్కొక్కరే చీలలు లాగారు. గుర్రాలన్నీ నొగల మధ్య నుంచి బయటికి నడిచాయి. ఆమెను మట్టి చేసి వచ్చేదాకా ఒక్క గుర్రాన్నీ బండికి కట్టలేదు.

ఇప్పుడు ఆ ఏటికి వంతెన ఉంది. జట్కాలు లేవు. పెళ్ళిళ్ళకు మాత్రం పూలు కట్టిన గుర్రపు బండి ఒకటి తెప్పిస్తారు. ఆ చుట్టుపక్కల ఏ కులంవాళ్ళ పెళ్ళయినా సరే, పెళ్ళికూతురు వెంటనే బండెక్కదు. వాళ్ళ ఇంట్లో పెద్దావిడ ముందుకు వచ్చి, "పీరమ్మ విడుపు చూపించు నాయనా" అంటుంది. బండివాడు పక్కకు తప్పుకుంటాడు. ఆవిడ వారు పట్టుకుని లాగుతుంది. మేళం ఆగుతుంది. గుర్రం రెండడుగులు ముందుకు వేసి, పట్టీలు లేకుండా, ఎండలో ఊరికే నిలబడుతుంది. అందరూ చూస్తారు. అప్పుడు దాన్ని మళ్ళీ కడతారు. అప్పుడు పెళ్ళికూతురు ఎక్కుతుంది.