కర్త లేని భయం

సాయంత్రం ఆరూ పదికి కామేశం మేష్టారు బత్తాయి ఒలుచుకుంటున్నారు. విశాఖపట్నంలోని ఆ పత్రికాఫీసులో ఇంగ్లీషు వార్తల్ని తెలుగు చేస్తూ ఆయన జుట్టు నెరిసింది. ఎదురు కుర్చీలో దినకర్. ఇంగ్లీషు ఎమ్మేలో బంగారు పతకం తెచ్చుకుని, ఈమధ్యే ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి చేరాడు.

అప్పుడే వార్తాసంస్థ నుంచి ఇంగ్లీషు వార్త వచ్చింది. తుపానులో చిక్కిన పడవ జాడ లేదు. అందులోని ఆరుగురు జాలర్లు ‘ఫియర్డ్ డెడ్’. అంటే, పోయి ఉంటారేమోనని భయపడుతున్నారు. జిల్లా పేజీ ఏడింటికల్లా అచ్చుకు వెళ్లిపోవాలి.

దినకర్ పావుగంటలో రాసి తెచ్చాడు. శీర్షిక: ‘ఆరుగురు జాలర్ల జలసమాధి’.

మేష్టారు చదివి, చేతిలోని తొన పక్కన పెట్టారు.

“సమాధి కూడా కట్టేశావే! శవాలు దొరికాయా?”

“లేదు మేష్టారూ. జలసమాధి అంటే అలంకారం కదా.”

“అలంకారం సరేనోయ్. మరి ‘ఫియర్డ్’ ఏదీ? దాన్నెక్కడ ముంచావు?”

“అది వాళ్ల నుడికారం మేష్టారూ. ‘డెడ్’ అన్నదే అసలు సమాచారం. మాటకు మాట వేస్తే ‘భయపడి చచ్చారు’ అని వస్తుంది. ఊరంతా నవ్వుతుంది.”

పక్క బల్లల దగ్గర ఇద్దరు నవ్వనే నవ్వారు. మేష్టారు నవ్వలేదు.

“ఆ వాక్యంలో క్రియ ఏది?”

“‘ఆర్ ఫియర్డ్’. కర్మణి ప్రయోగం.”

“కర్త?”

దినకర్ ఇంకోసారి చూశాడు. “కర్తను చెప్పలేదు.”

“భయం ఉంది గానీ, భయపడేవాళ్లు లేరన్నమాట.”

“చెప్పక్కర్లేదు మేష్టారూ, వ్యాకరణం ఒప్పుకుంటుంది.” దినకర్ గొంతు లేచింది. “టైమైపోతోంది. అవతలి పేపరు జలసమాధి అనే వేస్తోందట. మనం వెనకబడితే రేపు మాట పడేది నేను.”

మేష్టారు జాలర్ల ఊరి విలేకరి పంపిన నంబరుకు ఫోన్ కలిపారు. మోగుతుండగానే రిసీవరు దినకర్ చేతిలో పెట్టారు.

“పడవలో ఉన్న మసేను భార్య. ఎర్రమ్మ. నీ శీర్షిక చదివి వినిపించు.”

వద్దనేలోగా అవతల ఎత్తారు. గాలి హోరు. దాని మధ్య ఆడగొంతు.

“ఎవులు బాబూ?”

“పేపరాఫీసు నుంచమ్మా.”

“మా ఆయన కబురేటైనా తెలిసిందేటి?”

దినకర్ నోరు తెరిచాడు. ఎదురుగా కాగితం మీద ఆ మూడు మాటలూ ఉన్నాయి.

“సెప్పు బాబూ. నాకు బయ్యంగా ఉంది.”

“ఇంకా... ఇంకా ఏమీ తెలియలేదమ్మా.”

“తెలీనేదా?” గాలి హోరులో ఆమె గొంతు పెంచింది. “సరే బాబూ. తెలీనేదు.”

ఫోన్ పెట్టేసింది.

మేష్టారు కాగితాన్ని అతని ముందుకు జరిపారు.

“కర్త దొరికిందా?”

దినకర్ శీర్షిక కొట్టేసి, కింద రాశాడు: ‘ఆరుగురు జాలర్ల జాడ లేదు: ఒడ్డున భయం భయం’. పేజీ వేళకే వెళ్లింది. మేష్టారు బత్తాయి పూర్తిచేశారు.

ఐదో రోజున ఆ ఊరి విలేకరి ఫోన్ చేశాడు. పడవ ఒడిశా ఒడ్డుకు కొట్టుకుపోయిందట. నలుగురు ప్రాణాలతో ఉన్నారు. వారిలో మసేను ఒకడు. వార్తంతా చెప్పాక, మాటల్లో మాటగా ఇంకో సంగతి చెప్పాడు. తుపాను మర్నాటి పొద్దున అవతలి పేపరు చదివి, ఊరి పెద్దలు ఎర్రమ్మ చేతిగాజులు తీయించడానికి వెళ్లారట. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడి, “ఇంకా తెలీనేదని పేపరు బాబు సెప్పినాడు” అని ఒకటే మాట మీద ఉందట.

“మిగతా ఐదిళ్లలో?” అడిగాడు దినకర్.

“అక్కడ ఆ పొద్దున్నే పగలగొట్టేశారండీ.”