ఉప్పునీళ్ళ జులైఖమ్మ

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే పెద్ద ఊరేం కాదులే, ఏరు సముద్రంలో కలిసేచోట నాలుగు గుడిసెలు. వాటిల్లో ఓడవాళ్ళుండేవాళ్ళు. తాతల నాడెప్పుడో దూరదేశం నుంచి ఓడల్లో వచ్చి, మన మాటలు నేర్చుకుని, ఇక్కడే ఉండిపోయిన సాయిబులు వాళ్ళు. పడవ చెక్కల్ని మేకుల్లేకుండా కొబ్బరితాడుతో కుట్టేసేవాళ్ళు. అవును, బట్ట కుట్టినట్టే! నవ్వకు, చెప్పను మరి.

వాళ్ళలో జులైఖమ్మ అని ఒకావిడ. ఆవిడకి ఒక్కడే కొడుకు, ఇద్రీసు. వాడొక చిన్న పడవ కుట్టుకున్నాడు. అది నీళ్ళలోకి దిగకముందే పెద్ద ఓడలో పని దొరికింది. "అమ్మా, నే వచ్చేదాకా దీన్ని ఎండనివ్వకు," అని చెప్పి వెళ్ళాడు. ఎండితే చెక్కలు విచ్చుకుంటాయి. మంచినీళ్ళు పోస్తే తాడు కుళ్ళిపోతుంది. అందుకని జులైఖమ్మ రోజూ గుమ్మం ముందున్న సముద్రంలోంచి కుండెడు ఉప్పునీళ్ళు తెచ్చి పోసేది.

అప్పుడేమైందంటే, ఏరు ఒండ్రుమట్టి తెచ్చి తెచ్చి అక్కడ పోసింది. సముద్రం వెనక్కి జరిగింది. ఓడవాళ్ళకి సముద్రం లేకపోతే ఎలా? గుడిసెలు విప్పుకుని దాని వెనకాలే వెళ్ళారు. జులైఖమ్మ కదల్లేదు.

ఆ తర్వాత మళ్ళీ జరిగింది. మళ్ళీ వెళ్ళారు. ఆ తర్వాత మూడోసారీ జరిగింది, పాపిష్ఠి సముద్రం! ఇప్పుడు కుండెడు నీళ్ళకోసం పొద్దున్నే బయల్దేరితే ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమయ్యేది. కొత్త ఒడ్డున ఉంటున్న తమ్ముడు మూసా ఆవిణ్ణి బతిమాలాడు.

"అక్కా, మా దగ్గరికి వచ్చెయ్యి. వాడొచ్చినా ఈ ఒడ్డునే కదా దిగాలి?"

"ఈ ఒడ్డు వాడికేం తెలుసురా? వాడికి తెలిసింది మన గుమ్మమే. వాడొచ్చి అమ్మా అని పిలిస్తే, పలికే మనిషి ఉండొద్దూ?"

పాపం, మూసా ఆ కుండ తనే ఎత్తుకుని సగం దారిదాకా సాగనంపాడు.

వచ్చాడా అంటావా? రాలేదు తల్లీ. ఈ కథ చెప్పిన ప్రతిసారీ వాడొస్తే బావుండునని నాకూ ఉంటుంది. జులైఖమ్మ ఎదురుచూసి ఎదురుచూసి, ఆ గుమ్మంలోనే కన్నుమూసింది.

అప్పుడు ఓడవాళ్ళందరూ వచ్చి, ఆవిణ్ణి ఆ ఇంటి పక్కనే సమాధి చేశారు. ఆ తర్వాత వెళ్దామని లేచారు. మూసాకి మాత్రం కాళ్ళు కదల్లేదు.

"ఇప్పుడు వాడొస్తే ఎవరు పలుకుతారు?" అన్నాడు.

అనేసి ఆ ఇంట్లోనే ఉండిపోయాడు. మూసా ఒక్కణ్ణీ ఎలా వదిలేస్తామని ఇంకో ఇల్లు వచ్చింది, దానికి తోడు మరో ఇల్లు. సముద్రం కనిపించని చోట, వరిచేల మధ్యన, ఓడవాళ్ళ పేట అలా వెలిసింది. పడవలు కుట్టిన చేతులు నాట్లు వెయ్యడం నేర్చుకున్నాయి.

ఆ పేటకి కొత్తవాళ్ళెవరెళ్ళినా, ఎవరు మీరని అడగరట. ముందు మంచినీళ్ళిస్తారట. ఇచ్చి, "ఇంత ఆలస్యమైందేం, నాయనా?" అంటారట.

కథేమో కంచికి,
ఏరేమో కడలికి,
మనమేమో ఇంటికి.