వకుళకు నచ్చిన జవాబు

తుంగభద్ర ఒడ్డునున్న ఒక పట్నంలో, వైద్య కళాశాలలో పరిశోధన చేసే వకుళ అనే అమ్మాయి ఉండేది. తెలివైనదే, కష్టపడేదే, కానీ తనకు నచ్చిన జవాబు వచ్చేదాకా ఒకే ప్రశ్నను తిప్పి తిప్పి అడిగే గుణం ఒకటి ఆమెకు ఉండేది.

హాస్టల్లో ఏ ఆదివారమో కూర వండిందనుకోండి. ఉప్పెక్కువైందా అని అడిగేది. ఎక్కువైందని ఎవరైనా అంటే వదిలేది కాదు. బాగా ఎక్కువా, కాస్త ఎక్కువా, పెరుగు కలుపుకుంటే సరిపోతుందిగా అని వెంటపడేది. చివరికి తినేవాళ్లు విసిగిపోయి బ్రహ్మాండంగా ఉంది తల్లీ అని దణ్ణం పెట్టేవాళ్లు. అప్పుడు గానీ ఆమె ముఖం విప్పారేది కాదు. వకుళ అడిగితే గోడ కూడా ఔనంటుందని స్నేహితురాళ్లు ఆటపట్టించేవాళ్లు. ఆ గుణం కూరల దగ్గరే ఆగి ఉంటే ఈ కథ చెప్పాల్సిన పనే లేదు.

ఆమె పరిశోధన ఒక మొండి జబ్బు గురించి. రోగాలను తరిమికొట్టడానికి మన ఒంట్లో ఒక రక్షణ బలగం ఉంటుంది. కొందరిలో ఆ బలగమే దారి తప్పి సొంత కండరాల మీద పడుతుంది. కంచే చేను మేసినట్టన్న మాట. ఏళ్ల తరబడి వదలని జబ్బు అది. కండలు కరిగిపోతాయి, చెయ్యి పైకి లేవదు, కూర్చున్న మనిషి తనంతట తాను లేవలేడు. అలాంటివాళ్ల చేత మందులతో పాటు కొద్దికొద్దిగా కసరత్తు చేయిస్తే బలం తిరిగొస్తుందని వకుళ నమ్మకం. అది రుజువైతేనే ఆమెకు డాక్టరేటు. నమ్మకంలో తప్పేమీ లేదు. ఆ నమ్మకం రుజువవ్వాలన్న ఆరాటమే కొంప ముంచింది.

వారం వారం రోగులు ఆమె గదికి వచ్చేవాళ్లు. చేతి పట్టు కొలిచే పరికరాన్ని గట్టిగా పిసకమనేది. పోయిన వారం కంటే పట్టు పెరిగితే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టేది. తగ్గితే పాపం ఒక్క మాట కూడా అనేది కాదు, ముఖం మాత్రం వాడిపోయేది. రోగులకు కళ్లు లేవా? బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు కొత్తగా వచ్చినవాళ్లకు వాళ్లే బుద్ధులు చెప్పేవాళ్లు. ఆ యమ్మ దగ్గర నొప్పులని ఏకరువు పెట్టొద్దండి, మంచి పిల్ల, బాధపడతాది అనేవాళ్లు. డాక్టరమ్మ మనసు నొచ్చుకోకూడదని రోగులు రోగం దాచుకోవడం! ఎక్కడైనా విన్నామా ఈ చోద్యం?

ఆ వచ్చేవాళ్లలో హుసేనమ్మ ఒకతె. నలభై దాటిన మనిషి. పరుపులు కుట్టి బతికేది. జబ్బు చేశాక సూది పట్టుకోవడం మాట దేవుడెరుగు, తల కూడా దువ్వుకోలేకపోయింది. వకుళ చేయించిన కసరత్తుతో నెమ్మదిగా ఆమె చేతులు లేచాయి. తన జుట్టు తాను ముడివేసుకున్న రోజున ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. అప్పటి నుంచి హుసేనమ్మకు వకుళ అంటే ప్రాణం. వకుళకు హుసేనమ్మ అంటే తన సిద్ధాంతం నిజమని చెప్పే మొదటి సాక్ష్యం. ఈ రెండూ ఒకటి కావు, చూడండి.

వకుళ చేత పరిశోధన చేయిస్తున్న పెద్దాయన డాక్టర్ వేదాద్రి. మెత్తని మనిషే గానీ ఒక్క విషయంలో మహా కటువు. ఈ జబ్బు చేతులతో కాళ్లతో ఆగదు, ఒక్కోసారి గొంతుకు పాకుతుంది, గొంతు కండరాలు పడిపోతే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయి మనిషి చనిపోతాడు అని ఆయన పదే పదే చెప్పేవారు. మింగడం కష్టంగా ఉందని ఎవరన్నా సరే, ఆ క్షణమే కసరత్తు ఆపి తన దగ్గరకు పంపాలి. వాళ్లను పరిశోధనలోంచి తీసెయ్యాలి. వకుళ అలాగే సార్ అని తలూపేది.

పరిశోధనలో రోగులకు చేసే ఆఖరి పరీక్షల వారం వచ్చింది. హుసేనమ్మ కాస్త నీరసంగా వచ్చి కూర్చుంది. మాట ముక్కులోంచి వస్తున్నట్టుంది. మింగడం ఎలా ఉందని వకుళ అడిగింది.

"రొట్టె గొంతులో నిలబడతాందమ్మా" అంది హుసేనమ్మ.

వకుళ గుండె జారిపోయింది. ఉన్నవాళ్లలో బాగా కోలుకున్న మనిషి ఈమె. ఈమెను తీసేస్తే ఇంక చూపించడానికేముంది? ఊరుకోలేకపోయింది. జొన్నరొట్టె ఎవరికైనా నిలబడుతుంది కదక్కా అంది. జలుబు చేసిందా అని అడిగింది. నీళ్లు తాగితే దిగుతోందా అంది. దిగుతాదిలే అంది హుసేనమ్మ. అయితే ఇబ్బందేమీ లేనట్టేగా అని వకుళ మళ్లీ అడిగింది.

హుసేనమ్మ ఆ పిల్ల ముఖంలోకి చూసింది. వాడిపోవడానికి సిద్ధంగా ఉంది ఆ ముఖం.

"బాగనే ఉండాదమ్మా" అంది.

హమ్మయ్య అనుకుంది వకుళ. పరికరం చేతికిచ్చింది. హుసేనమ్మ పళ్లు బిగించి పిసికింది. ఎన్నడూ రానంత పట్టు వచ్చింది. వకుళ చప్పట్లు కొట్టి, మురిసిపోయి, తన ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చింది. రెండో గుక్కకే హుసేనమ్మకు పొలమారింది. ఎవరో తలుచుకుంటున్నారక్కా అని నవ్వుతూ వకుళ ఆమె మాడు మీద తట్టింది. అప్పుడు టీ ముక్కులోంచి కారింది. హుసేనమ్మ దగ్గాలని చూసింది. దగ్గు రాలేదు. దగ్గడానికీ కండరాలు కావాలి కదా! కళ్లు తేలేసింది. పెదవులు నల్లబడ్డాయి. వకుళ ఆమెను ముందుకు వంచి, వీపు చరుస్తూ, గొంతు చించుకుని అరిచింది. వార్డు నుంచి మనుషులు పరుగెత్తుకొచ్చారు. గొట్టం పెట్టి గొంతులో ఉన్నదంతా లాగారు. కాసేపటికి ఊపిరి ఆడింది. మంచం మీదికి చేర్చి ముఖానికి ఆక్సిజన్ పెట్టారు.

వేదాద్రి గారు వచ్చి గుండె, ఊపిరితిత్తులు పరీక్షించారు. తర్వాత వకుళ వైపు తిరిగారు.

"మింగడం గురించి అడిగావా?"

"అడిగాను సార్. బాగానే ఉందని చెప్పింది."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నిజమూ లేదు. టీ ముక్కులోంచి కారిన సంగతి ఆమె ఎత్తనే లేదు. ఆమె మాట నమ్మి, అయితే మామూలుగానే పొలమారి ఉంటుంది, కాస్త తేరుకున్నాక జావ తాగించండి, సాయంత్రం ఇంటికి పంపుదాం అని నర్సుకు చెప్పి, ఆయన మరో రోగి దగ్గరకు వెళ్లిపోయారు.

వకుళ మంచం పక్కనే నిలబడింది. గొంతు నిజంగానే పడిపోయి ఉంటే ఆ జావ నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోరు విప్పితే తన పరిశోధన పోతుంది. విప్పకపోతే హుసేనమ్మ పోతుంది. ఇంత తేటగా తెలిసినా పాపిష్టి గుణం ఊరుకుంటుందా? ఈసారి తనను తానే అడగడం మొదలుపెట్టింది. టీ వేడిగా ఉండబట్టి పొలమారిందేమో? నవ్వుతూ తాగబట్టేమో? అంత పెద్దాయనే మామూలన్నారు కదా? అడగ్గా అడగ్గా మనసు కూడా విసిగి ఔననబోయింది.

నర్సు జావ గ్లాసు తెచ్చింది. ముఖం మీది ఆక్సిజన్ పక్కకు తీసి, చెంచాతో పెదవుల దాకా పట్టింది. హుసేనమ్మ చెంచాను చూసింది. బెదిరిపోయింది. వద్దని తలూపబోయి, పక్కన నిలబడ్డ వకుళను చూసి ఆగిపోయింది. మెల్లగా నోరు తెరిచింది.

వకుళ ఒక్క ఉదుటున నర్సు చెయ్యి పట్టుకుంది. చెంచాలోది దుప్పటి మీద ఒలికిపోయింది.

"వద్దు సిస్టర్. ఒక్క చుక్క కూడా వద్దు." తర్వాత హుసేనమ్మ మీదికి వంగింది. "అక్కా, మింగుడు పడుతోందా?"

అంతే అడిగి నోరు మూసుకుంది. హుసేనమ్మ చాలాసేపు మాట్లాడలేదు. మధ్యలో ఏదో ఒకటి అనాలని వకుళ నాలుక దురదపెట్టింది. పళ్ల కింద నొక్కి పట్టింది.

"శానా దినాల నుంచి దిగల్యా" అంది హుసేనమ్మ చివరికి, గాలిలా. "నీళ్లు గూడా. చెప్తే నీ సదువు చెడుతుందని..." మిగతాది అనలేకపోయింది.

ఆ మాట వకుళకు చెంపదెబ్బలా తగిలింది. ఆమె పరుగు పరుగున వెళ్లి వేదాద్రి గారి ముందు నిలబడింది. చుట్టూ విద్యార్థులున్నారు. అయినా దాచలేదు. మొదట ఇబ్బందిగా ఉందనే చెప్పింది సార్, బాగుందని నేనే అనిపించాను అంది. ఆయన ముఖం ఎర్రబడింది. తిట్టడానికి కూడా ఆగకుండా వార్డుకు నడిచారు.

హుసేనమ్మకు నోటి తిండి బంద్ చేశారు. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పట్టారు. జబ్బు కొత్తగా విరుచుకుపడిందని తేలింది. పెద్ద మందులు నరానికి ఎక్కించారు. కొన్నాళ్లు ఆమె ప్రాణం గాలిలో దీపంలా ఊగింది. వకుళ ఆ మంచం దగ్గర నుంచి కదల్లేదు. ఎన్ని దేవుళ్లకు మొక్కుకుందో ఆమెకే తెలియాలి.

ఆ మధ్యలోనే వేదాద్రి గారు మిగతా రోగులందరినీ వేరే డాక్టరు చేత మళ్లీ అడిగించారు. ఒకాయన తన మోకాళ్లు పట్టు తప్పుతున్నాయన్నాడు. ఒకావిడ రాత్రుళ్లు ఊపిరాడట్లేదంది. ఎందుకు చెప్పలేదంటే అందరిదీ ఒకటే మాట, ఆ పిల్ల బాధపడుతుందని. వకుళ ఏళ్ల తరబడి పోగేసిన జవాబులు చెల్లవని ఆయన తేల్చేశారు. మళ్లీ మొదటి నుంచి చెయ్యి, ప్రశ్నలు మాత్రం ఇంకొకరు అడుగుతారు అన్నారు. వకుళ కన్నీళ్లు మింగుకుని ఒప్పుకుంది. తర్వాత ఎప్పటికో ఆమె పరిశోధన పూర్తయింది. కసరత్తు బలం ఇస్తుందనే తేలింది, ఆమె కోరుకున్నంత కాదు. ఉన్నంతలో అది నిజం.

హుసేనమ్మ సంగతి చెప్పాలి కదూ? బతికింది. గొట్టం తీసిన రోజు పొద్దున్నే వకుళ ఆమె దగ్గర కూర్చుని ఎట్లుందక్కా అని అడిగింది. హుసేనమ్మ అలవాటు చొప్పున ముందు ఆమె ముఖం కేసి చూసింది. వకుళ తల దించుకోలేదు, నవ్వు పులుముకోలేదు, మరో మాట అనలేదు.

"బాగల్యా" అంది హుసేనమ్మ. "గొంతు మంట. భుజాలు లాగుతాండాయి. రాత్రంతా నిద్ర ల్యా."

"చెప్పక్కా, వింటున్నా" అంది వకుళ.

హుసేనమ్మ తన బాధలన్నీ ఒక్కొక్కటిగా చెప్పడం మొదలుపెట్టింది. వకుళ కుర్చీ ఇంకాస్త దగ్గరకు లాక్కుని అన్నీ విన్నది.

నీతి: మనకు నచ్చిన జవాబే కావాలని అడిగితే ఎదుటివాళ్లు మొహమాటానికి అదే చెబుతారు; చేదు నిజాన్ని వినే ఓపిక ఉన్నవాళ్లే ప్రశ్న అడగడానికి అర్హులు.